కొట్టంలో పశువులెన్ని, పొలానికి ఎరువెంత: పాలమూరు, నల్లగొండ సేద్యంలో పోషకాల లెక్క

ఎకరం వరికి ఎంత యూరియా, ఎంత డీఏపీ వేయాలని అడిగితే మన దగ్గర పంటను చూసి జవాబు చెబుతారు. భూసార పరీక్ష చేయించిన చోట ఆ కార్డును కూడా చూసి చెబుతారు. ఆ రైతు కొట్టంలో ఎన్ని పశువులున్నాయో, ఊరి చుట్టూ ఎన్ని గొర్రెలు తిరుగుతాయో, దగ్గరలో ఎన్ని కోళ్ల షెడ్లున్నాయో అడిగి, ఆ తర్వాత మోతాదు చెప్పడం అరుదు. 2015లో కేంద్రం ప్రారంభించిన భూసార ఆరోగ్య కార్డులో 12 అంశాలుంటాయి గానీ పశువుల ప్రస్తావన వాటిలో లేదు. నిజానికి ఒక పొలానికి బయటి నుంచి ఎంత ఎరువు తేవాలో, కొన్ని సందర్భాల్లో ఆ పొలం నుంచి ఎంత ఎరువు బయటికి పంపించాలో తేల్చడంలో మొదట తెలియాల్సిన అంకె పశువుల సంఖ్యే. ఆ సంఖ్య నుంచి బస్తాల లెక్క దాకా ఎలా చేరాలి, మధ్యలో ఎక్కడ లెక్క తప్పుతుంది అన్న విషయాలను దక్షిణ తెలంగాణ పొలాలకు అన్వయించి ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ ప్రాంతంలో లెక్క రెండు వైపులా తప్పుతోంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ గొర్రెలున్నది తెలంగాణలోనే, సుమారు 1 కోటి 90 లక్షలు. అందులో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా గొర్రెల పెంపకానికి పెట్టింది పేరు. రాష్ట్రంలో కోళ్లు 8 కోట్ల దరిదాపుల్లో ఉన్నాయి. షాద్‌నగర్ చుట్టుపక్కల, భువనగిరి వైపు వాటి షెడ్లు వరుసగా కనిపిస్తాయి. అదే సమయంలో దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు చెలకల్లో ట్రాక్టర్ వచ్చాక కాడెద్దులు తగ్గిపోయాయి. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద కొట్టంలో ఒక్క పశువు లేకుండానే ఏటా రెండు కార్లు (పంట కాలాలు) వరి పండించే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పెంట చాలని పొలాలూ, ఇక పెంట పట్టని పొలాలూ ఇక్కడ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి.

తలలు కాదు, బరువు

పది గేదెలు, పది గొర్రెలు, పది కోళ్లు ఎరువు విషయంలో ఒకటి కావు కనుక లెక్కలో మొదటి పని వాటిని ఒకే కొలతలోకి తేవడం. ఐరోపాలో ఒక పాడి ఆవును 1 యూనిట్‌గా తీసుకుంటే గొర్రెకు 0.1, గుడ్ల కోడికి 0.014 ఇస్తారు, అంటే ఒక ఆవుకు పది గొర్రెలు, లేదా సుమారు 70 కోళ్లు సమానం. అమెరికాలో వెయ్యి పౌండ్ల, అంటే సుమారు 454 కిలోల బరువున్న జీవాన్ని ఒక యూనిట్‌గా లెక్కిస్తారు. పేడ పరిమాణం తిన్న మేతను బట్టి, మేత శరీరపు బరువును బట్టి ఉంటాయి కనుక బరువును ఆధారంగా తీసుకోవడం సబబే.

అయితే యూనిట్ల సంఖ్య ఒక్కటే ఏమీ చెప్పదు. దాని కింద భూమిని పెట్టి భాగించాలి. ఈ ఆలోచనను చట్టంలోకి నేరుగా తెచ్చిన ఉదాహరణ అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంది. అక్కడ మొత్తం 8 యూనిట్లకు తగ్గకుండా పశువులు ఉండి, పెంట వేయడానికి పనికొచ్చే భూమిలో ఎకరానికి 2 యూనిట్లు మించితే ఆ రైతు ఆమోదం పొందిన పోషకాల యాజమాన్య ప్రణాళిక తప్పనిసరిగా తయారు చేయించుకోవాలి. మొత్తం ఎన్ని పశువులున్నాయన్న దానికంటే ఎకరానికి ఎంత బరువు పడుతోందన్నదే అక్కడ కీలకం.

454 కిలోలకు ఒక యూనిట్ అనే ఈ అమెరికా కొలతనే మన దగ్గర రెండు ఊహా క్షేత్రాలకు పెట్టి చూద్దాం. దేవరకొండ వైపు నాలుగెకరాల రైతుకు ఒక్కొక్కటి 450 కిలోలున్న గేదెలు రెండు ఉన్నాయనుకుంటే, ఎకరానికి అర యూనిట్ వస్తుంది. షాద్‌నగర్ వైపు రెండెకరాల స్థలంలో కిలోన్నర బరువున్న గుడ్ల కోళ్లు 10,000 ఉన్నాయనుకుంటే, మొత్తం బరువు 15,000 కిలోలు, అంటే 33 యూనిట్లు. ఎకరానికి 16కు పైగా. మొదటి క్షేత్రం పెన్సిల్వేనియా హద్దుకు నాలుగో వంతు, రెండోది అదే హద్దుకు ఎనిమిది రెట్లు. మొదటి రైతు పోషకాలను బయటి నుంచి తెచ్చుకోవాలి. రెండో రైతు బయటికి పంపాలి. ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదని చెప్పడానికి ఇంతకంటే వివరం అక్కరలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సంఖ్య అన్నప్పుడు ఏడాది సగటు తీసుకోవాలి. బ్రాయిలర్ షెడ్డులో 10,000 పిల్లలను వదిలినా అవి సుమారు ఆరు వారాలే ఉంటాయి, మొదటి వారాల్లో వాటి బరువు చాలా తక్కువ, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య షెడ్డు ఖాళీగా ఉంటుంది. అందువల్ల అదే సంఖ్యలో ఉన్న గుడ్ల కోళ్లతో దాన్ని సమానంగా చూడకూడదు.

గేదె నుంచి వరి మడి దాకా

రెండు గేదెల రైతు లెక్కను కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే పశువుల ఎరువు మీద మనకున్న అతి నమ్మకం, అతి నిర్లక్ష్యం రెండూ ఇక్కడే బయటపడతాయి.

పెద్ద గేదె రోజుకు దాదాపు 15 కిలోల పేడ వేస్తుంది. ఏడాదికి ఐదున్నర టన్నులు. ఇందులో ఐదింట నాలుగు వంతులు నీరే. పచ్చి పేడలో నత్రజని సుమారు 0.3 శాతం ఉంటుంది గనుక ఒక గేదె పేడలో ఏడాదికి 16 కిలోల నత్రజని ఉంటుంది. మూత్రంలో ఉండే నత్రజని దీనికంటే ఎక్కువే. రెండూ కలిపితే రెండు గేదెల నుంచి ఏడాదికి దాదాపు 80 కిలోల నత్రజని వెలువడుతుంది. ఎకరం వరికి మన ప్రాంతంలో సిఫార్సు చేసేది 40 నుంచి 48 కిలోలు కాబట్టి, కాగితం మీద ఈ రెండు గేదెలే రెండెకరాలకు సరిపోవాలి.

పొలానికి చేరేసరికి ఆ లెక్క కరిగిపోతుంది. పగలు మేతకు వెళ్లినప్పుడు పడిన పేడ దారిలో, బీడులో ఉండిపోతుంది. మట్టి నేల కొట్టంలో మూత్రం ఇంకిపోతుంది. ఇంటి ముందు ఎండకు, వానకు వదిలేసిన పెంటకుప్ప నుంచి నత్రజని అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, వానాకాలం మొదటి జల్లులకే పొటాష్ కరిగి రోడ్డు మీదికి పారుతుంది. చివరికి మిగిలిన గడ్డి తుక్కుతో కలిసి ఒక్కో గేదె నుంచి సుమారు రెండున్నర టన్నుల చివికిన ఎరువు దక్కుతుంది. అలాంటి ఎరువులో నత్రజని 0.5 శాతం, భాస్వరం 0.2 శాతం, పొటాష్ 0.5 శాతం అని మన పుస్తకాల్లో సాధారణంగా చెబుతారు. రెండు గేదెల 5 టన్నుల్లో 25 కిలోల నత్రజని, 10 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. దాదాపు 80 కిలోల నత్రజనిలో 25 మాత్రమే మిగిలాయి.

ఆ 25 కిలోలు కూడా మొదటి పంటకు మొత్తంగా అందవు. సేంద్రియ రూపంలో ఉన్న నత్రజనిని నేలలోని సూక్ష్మజీవులు విడగొట్టాలి. మొదటి పంటకు అందేది అందులో 30 శాతం. భాస్వరంలో 60 నుంచి 70 శాతం, పొటాష్‌లో దాదాపు నాలుగింట మూడు వంతులు మొదటి పంటకే అందుతాయి. అంటే 5 టన్నుల ఎరువును ఒకే ఎకరంలో వేస్తే ఆ ఏడు వరికి దక్కేది ఏడున్నర కిలోల నత్రజని, ఆరున్నర కిలోల భాస్వరం, 18 కిలోల పొటాష్. వరికి ఎకరానికి సిఫార్సు చేసే భాస్వరం 20 నుంచి 24 కిలోలు, పొటాష్ 16 కిలోలు. కాబట్టి ఆ ఎకరంలో ఆ రైతు పొటాష్ బస్తా మానేయవచ్చు, భాస్వరాన్ని నాలుగో వంతు తగ్గించవచ్చు. యూరియాలో మాత్రం 16 కిలోలు, అంటే 45 కిలోల బస్తాలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే తగ్గించాలి. “పెంట వేశాను కదా” అని యూరియా సగానికి సగం తగ్గించిన రైతు పైరు పసుపు రంగుకు తిరగడం చూసి పెంట మీదే నమ్మకం పోగొట్టుకుంటాడు. “పెంటలో ఏముంది” అని డీఏపీ, పొటాష్ మామూలుగానే వేసిన రైతు అవసరం లేని బస్తాకు డబ్బు పెడతాడు. ఇద్దరికీ కావలసింది ఏ పోషకానికి ఆ పోషకం విడిగా వేసిన లెక్క.

మిగిలిన నత్రజని వృథా కాదు, తర్వాతి కార్లలో కొంత కొంతగా విడుదలవుతుంది. ఏటా ఒకే ఎకరంలో వేస్తూ పోతే నాలుగైదేళ్లలో పాత నిల్వల నుంచి వచ్చేదీ, కొత్తదీ కలిసి సరఫరా పెరుగుతుంది. సేంద్రియ కర్బనం బాగా తక్కువగా ఉండే ఎర్ర చెలకల్లో, దుబ్బ నేలల్లో ఈ నిల్వకు విలువ మరింత ఎక్కువ, ఎందుకంటే వేసిన యూరియాను, పడిన వానను పట్టి ఉంచే శక్తి ఆ కర్బనం వల్లే వస్తుంది.

ఈ లెక్కలో తేలే ఇంకో సంగతి నాకు ముఖ్యంగా తోస్తుంది. ఎకరానికి 4 టన్నుల పశువుల ఎరువు వేయమని దాదాపు ప్రతి పంట సలహాలోనూ ఉంటుంది. 1,500 ఎకరాల సాగు భూమి ఉన్న ఊరికి ఆ సలహా ప్రకారం ఏటా 6,000 టన్నులు కావాలి. పశువుకు రెండున్నర టన్నుల చొప్పున 2,400 పెద్ద పశువులుండాలి. అన్ని పశువులున్న ఊరు ఇవాళ ఈ ప్రాంతంలో కనిపించడం కష్టం. సలహా తప్పు కాదు గానీ, ఊళ్లో ఎన్ని పశువులున్నాయో చూడకుండా ఇచ్చిన సలహా కాగితం మీదే మిగిలిపోతుంది. ఉన్న పెంటను ఏటా ఒక ఎకరం చొప్పున వంతుల వారీగా వేయమని, లేదా పెంట ఎక్కువగా ఉన్న చోటి నుంచి తెప్పించుకోమని చెప్పడం దానికంటే ఉపయోగపడుతుంది. పశువుల సంఖ్య పెంచకుండానే ఎరువు పెంచే మార్గం కూడా ఉంది. కొట్టంలో గడ్డి తుక్కు పరిచి మూత్రాన్ని పీల్పించడం, ఆరు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరు లోతు గుంతలో రోజువారీగా పోసి నిండాక మట్టితో మెత్తడం అనే రెండు పాత పనులు చేస్తే, పోయే 55 కిలోల నత్రజనిలో కొంత భాగమైనా వెనక్కి వస్తుంది.

మేత ఎక్కడి నుంచి వచ్చింది

పశువు పోషకాలను పుట్టించదు. తిన్న దానిలో కొంత పాలు, మాంసం, గుడ్లుగా మార్చి మిగతాది వదిలేస్తుంది. అందువల్ల సంఖ్య తర్వాత వేయాల్సిన ప్రశ్న మేత గురించి: అది ఇదే పొలానిదా, ఊరి బీడుదా, లేక లారీలో వచ్చిందా?

వరిగడ్డిని చూడండి. ఎకరానికి రెండు టన్నులకు పైగా గడ్డి వస్తుంది. రెండు టన్నుల గడ్డిలో 30 కిలోలకు పైగా పొటాష్ ఉంటుంది. ఎకరానికి సిఫార్సు చేసిన పొటాష్ 16 కిలోలే అని పైన చెప్పుకున్నాం. పశువులు లేని రైతు గడ్డిని కట్టలు కట్టి అమ్మితే, ఎరువుగా వేసిన దానికి రెండింతల పొటాష్ పొలం దాటి పోతుంది. రోజుకు ఐదారు కిలోల చొప్పున ఒక గేదె ఏడాదికి తినే గడ్డి కూడా దాదాపు రెండు టన్నులే. అంటే ఒక కారు ఎకరం వరి ఒక గేదెకు ఏడాది గడ్డి ఇస్తుంది, ఆ గేదె పొటాష్‌లో ఎక్కువ భాగాన్ని తిరిగి ఇస్తుంది. ఎకరానికి ఒక గేదె అన్నది పాతకాలపు ఆడంబరం కాదు, పొటాష్ లెక్క సరిపోయే నిష్పత్తి. ఈ గేదె కొత్త పోషకాలను తేవడం లేదు, ఉన్నవాటిని తిప్పుతోంది.

పాడి రైతు పత్తి చెక్క, తవుడు, దాణా కొని పెట్టినప్పుడు లెక్క మారుతుంది. 20 శాతం మాంసకృత్తులున్న దాణా రోజుకు రెండు కిలోల చొప్పున 300 రోజులు పెడితే 600 కిలోలు అవుతుంది, దానితో 19 కిలోల నత్రజని బయటి నుంచి పొలంలోకి వస్తుంది. 1,500 లీటర్ల గేదె పాలతో బయటికి పోయేది 9 కిలోలకు కాస్త ఎక్కువ. మిగిలిన 10 కిలోలు ఆ రైతు డబ్బు పెట్టి కొన్న ఎరువే, దాణా రూపంలో వచ్చింది. అందుకే రెండు పొలాల్లో సమానంగా గేదెలున్నా, దాణా కొనే ఇంటి పొలం ఏళ్ల తరబడి బలపడుతుంది, గడ్డి మీదే నడిపే ఇంటి పొలం ఉన్నచోటే ఉంటుంది.

గొర్రె-రాత్రులు

గొర్రెల విషయంలో పై లెక్క వేరే రూపం తీసుకుంటుంది, ఎందుకంటే పాలమూరు గొల్లకురుమల్లో చాలామందికి మందకు తగ్గ భూమి లేదు. 30 కిలోల గొర్రెలు 300 ఉంటే 9,000 కిలోలు, దాదాపు 20 యూనిట్లు. భాగించడానికి కింద ఎకరాలు వెతికితే దొరకవు. బీడు, గుట్ట, కోత అయిన చేను, చెరువు శిఖం, కాలువ గట్టు అన్నీ కలిపి ఆ మందకు పొలం. పగలంతా అక్కడ మేసి, రాత్రి ఎవరి చేనులో పడుకుంటే ఆ చేనుకు పోషకాలను చేరుస్తుంది. వేసవిలో నీళ్లు, మేత వెతుక్కుంటూ మందలు కృష్ణా ఆయకట్టు వైపు కదిలినప్పుడు, మంద పెట్టించుకునే రైతు కాపరికి ధాన్యమో డబ్బో ఇవ్వడం ఈ ప్రాంతంలో పాత ఒప్పందం.

దీన్ని అంకెల్లో చెప్పాలంటే ‘గొర్రె-రాత్రి’ అనే కొలత పనికొస్తుంది. ఒక గొర్రె ఒక రాత్రి సుమారు అర కిలో పెంట వేస్తుంది. పెంటలోనూ, మూత్రంలోనూ కలిపి ఆరేడు గ్రాముల నత్రజని నేలకు చేరుతుందని స్థూలంగా అంచనా వేయవచ్చు. 300 గొర్రెల మందను ఎకరంలో ఐదు రాత్రులు పెడితే 1,500 గొర్రె-రాత్రులు, ముప్పావు టన్ను పెంట, దాదాపు 10 కిలోల నత్రజని. బరువులో ఇది రెండు గేదెల 5 టన్నుల ఎరువులో ఆరో వంతు కూడా లేదు, కానీ ఇందులో సగం మూత్రం ద్వారా వచ్చింది కాబట్టి పంటకు త్వరగా అందుతుంది. ఒక షరతు ఉంది: మంద లేచిన తర్వాత త్వరగా దున్ని కలపాలి. ఎండాకాలంలో వారం పది రోజులు వదిలేస్తే మూత్రంలోని నత్రజని అమ్మోనియాగా పోతుంది. తెల్లవారితే వెళ్లిపోయే మందకు డబ్బు ఇచ్చి, దుక్కిని మాత్రం తొలకరి దాకా వాయిదా వేసే అలవాటు వల్ల ఆ డబ్బులో కొంత గాలిలో కలుస్తోంది.

2017లో ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా (ఇది పైన చెప్పిన బరువు యూనిట్ కాదు), 75 శాతం రాయితీతో పంపిణీ మొదలుపెట్టింది. ఆ పథకం మీద జరిగిన చర్చంతా మాంసం, ఆదాయం చుట్టూనే సాగింది. ఎరువు వైపు నుంచి చూస్తే, 21 జీవాల ఒక యూనిట్ ఏడాదికి 7,600కు పైగా గొర్రె-రాత్రులు ఇస్తుంది. ఎకరానికి 1,500 చొప్పున ఐదెకరాలకు సరిపోతుంది. ఇంటి దగ్గరి దొడ్డిలో కట్టేస్తే మూత్రం అక్కడే ఇంకిపోయి, ఊడ్చిన పెంట మాత్రమే దక్కుతుంది. ఒకే ఊళ్లో యూనిట్లు పెరిగి, బీడు మాత్రం పెరగకపోతే, పొలాలకు చేరే పోషకాలు ఆ బీడును గుల్ల చేసి తెచ్చినవే అవుతాయి. బీడుకు తిరిగి ఎవరూ ఎరువు వేయరు. గొర్రెల సంఖ్యకు హద్దు పొలం వైపు నుంచి కాక బీడు వైపు నుంచి వస్తుందన్న మాట ఊరి స్థాయి ప్రణాళికలో రాసుకోవాల్సిన విషయం.

కోళ్లు: మిగులు లెక్క

10,000 గుడ్ల కోళ్ల షెడ్డుకు తిరిగి వద్దాం. కోడికి రోజుకు 110 గ్రాముల చొప్పున ఏడాదికి 400 టన్నుల దాణా వస్తుంది. మొక్కజొన్న ఒకచోటి నుంచి, సోయా చెక్క మధ్యప్రదేశ్, మహారాష్ట్రల నుంచి, సున్నపురాయి పొడి ఇంకోచోటి నుంచి. ఆ దాణాలో 10 టన్నులకు పైగా నత్రజని ఉంటుంది. గుడ్లుగా బయటికి పోయేది సుమారు 3 టన్నులు. మిగిలిన 7 టన్నుల్లో సగం దాకా షెడ్డు కిందే అమ్మోనియాగా పోతుంది. ఆరాక మిగిలే 120 టన్నుల కోడి పెంటలో 3 శాతం లెక్కన 3.6 టన్నుల నత్రజని, 2.6 శాతం లెక్కన 3.1 టన్నుల భాస్వరం ఉంటాయి. షెడ్డు చుట్టూ ఉన్న రెండెకరాలు దీనికి ఏమూలకూ చాలవు.

ఎన్ని ఎకరాలు కావాలన్న ప్రశ్నకు రెండు జవాబులుంటాయి. ఐరోపా సమాఖ్య 1991 నాటి నైట్రేట్ ఆదేశం ప్రకారం భూగర్భ జలాలకు ముప్పున్న ప్రాంతాల్లో పశువుల ఎరువు నుంచి హెక్టారుకు ఏడాదికి 170 కిలోల నత్రజని మించకూడదు. ఆ హద్దు పెడితే ఈ షెడ్డు పెంటకు సుమారు 52 ఎకరాలు కావాలి. భాస్వరాన్ని హద్దుగా పెట్టి, ఏడాదికి ఒక కారు వరికి ఎకరానికి 24 కిలోల చొప్పున వేస్తే 130 ఎకరాలు కావాలి. రెండు అంకెలకు ఇంత తేడా ఎందుకంటే, పంట భాస్వరానికి రెట్టింపు నత్రజని అడుగుతుంది, కోడి పెంట రెండింటినీ దాదాపు సమానంగా ఇస్తుంది. నత్రజని చాలేటంత పెంట వేస్తే భాస్వరం రెట్టింపు పడుతుంది. భాస్వరం సరిపడా వేస్తే నత్రజని తక్కువై యూరియా కొనాల్సి వస్తుంది. నేల ఇప్పటికే భాస్వరంతో నిండి ఉంటే రెండో లెక్కే పాటించాలన్నది నా అభిప్రాయం. నెదర్లాండ్స్ 2018 నుంచి పాడి ఆవుల సంఖ్యను నేరుగా ఫాస్ఫేట్ హక్కులతో ముడిపెట్టిందంటే, అక్కడ సమస్య ఎక్కడ బిగుసుకుందో తెలుస్తుంది.

మన దగ్గర ఈ మిగులు షెడ్ల దగ్గరి తోటల్లో కనిపిస్తుంది. బత్తాయి తోటకో, మిరప చేనుకో ఎకరానికి ఒక ట్రాలీ కోడి పెంట తోలి, ఆపై డీఏపీ బస్తాలు మామూలుగానే వేస్తారు. ట్రాలీలో మూడు టన్నులుంటే అందులో 78 కిలోల భాస్వరం ఉంటుంది. డీఏపీ బస్తా ఒక్కొక్కటి మరో 23 కిలోలు కలుపుతుంది. భాస్వరం యూరియాలాగా కొట్టుకుపోదు, నేలలోనే పేరుకుపోతుంది. పేరుకున్న భాస్వరం వేళ్లకు జింకు అందకుండా చేస్తుంది. వరిలో ఆకుల మీద తుప్పు మచ్చలు, బత్తాయిలో ఈనెల మధ్య పసుపు రంగుతో చిన్నబోయిన ఆకులు అప్పుడే కనబడతాయి. దానికి మళ్లీ జింకు సల్ఫేట్ కొంటారు. గుడ్ల కోళ్ల పెంటలో సున్నం కూడా ఎక్కువ కనుక, ఇప్పటికే సున్నం ఉన్న నల్లగొండ నేలల్లో ఈ చిక్కు ఇంకాస్త ముదురుతుంది.

నత్రజని మిగులు దారి వేరు. అది నైట్రేట్‌గా మారి నీటితో కిందికి దిగుతుంది. గ్రానైట్ రాయి మీద పలచని మట్టి ఉన్న ఈ ప్రాంతంలో పగుళ్ల గుండా బోరు నీటిలోకి చేరడానికి దానికి పెద్ద అడ్డంకి లేదు. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ మించకూడదన్నది భారత ప్రమాణం. నల్లగొండ నీటిలోని ఫ్లోరైడ్ రాయి నుంచి వచ్చింది, దాని మీద రైతుకు అదుపు లేదు. నైట్రేట్ మాత్రం ఎక్కువగా ఎరువుల నుంచి, పెంటకుప్పల నుంచి, మురుగు నుంచి వచ్చేది, దాన్ని ఆపే వీలుంది. అప్పటికే ఒక విషంతో బాధపడిన ఊళ్లకు రెండోది చేరకుండా చూడటం మన చేతుల్లో ఉన్న పని.

నియమాల సంగతి క్లుప్తంగా చెబుతాను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2015 మార్గదర్శకాల్లో అనుమతి నిబంధన లక్షకు పైబడిన కోళ్ల ఫారాలకే వర్తించేది. 2020లో జాతీయ హరిత ట్రైబ్యునల్ పునఃపరిశీలించమన్నాక, సవరించిన మార్గదర్శకాలు 5,000కు మించిన ఫారాలను కూడా పరిధిలోకి తెచ్చాయి. ఇది మంచి మార్పు. అయినా గీటు కోళ్ల సంఖ్య దగ్గరే ఉంది. ఆ పెంట వెళ్లే భూమి ఎంత అన్నది గీటులో భాగం కావాలి. 6,000 కోళ్లతో పాటు వంద ఎకరాలున్న రైతు కంటే, 4,500 కోళ్లతో ఒక్క ఎకరం ఉన్న షెడ్డే పక్క బావికి ఎక్కువ ప్రమాదం.

పొలం ప్రణాళికగా మార్చడం

ఇంతవరకు చెప్పిన అంకెలను ఒక రైతు తన పొలానికి ఎలా వాడుకోవాలి? సొంత పశువులు లేని మిర్యాలగూడ వైపు వరి రైతు, చివికిన కోడి పెంట ఎకరానికి ఒక టన్ను తెప్పించుకున్నాడనుకుందాం. అందులో 30 కిలోల నత్రజని, 26 కిలోల భాస్వరం, 14 కిలోల పొటాష్ ఉన్నాయి. కోడి పెంటలోని నత్రజని పశువుల ఎరువు కంటే త్వరగా విడుదలవుతుంది, మొదటి పంటకు సగానికి పైగా, అంటే 16 కిలోలు అందుతాయని పెట్టుకుందాం. భాస్వరం 17 కిలోలు, పొటాష్ 10 కిలోలు అందుతాయి. భూసార కార్డులో భాస్వరం మధ్యస్థంగానో ఎక్కువగానో ఉంటే ఆ కారుకు డీఏపీ వేయనక్కరలేదు. నత్రజనిలో మిగిలిన 24 నుంచి 32 కిలోలకు 52 నుంచి 70 కిలోల యూరియాను దఫాలుగా వేస్తే చాలు. పొటాష్ మరో ఆరు కిలోలు కావాలి. గడ్డిని పొలంలోనే కలియదున్నితే అదీ అక్కర్లేదు. మరుసటి ఏడు మళ్లీ టన్ను తోలే ముందు భాస్వరం పరీక్ష చేయించాలి. పచ్చి పెంట తోలితే అమ్మోనియా వేడికి నారు మాడుతుంది కనుక రెండు మూడు నెలలు కుప్ప వేసి చివికించాలి.

ఇందుకు అవసరమైన సమాచారం పెద్దదేమీ కాదు. రైతు వేదికలో విస్తరణ అధికారి పంట నమోదు చేసేటప్పుడే సగటున ఉండే పశువుల సంఖ్య, మేతలో కొన్న భాగం, పెంట తోలిన మడి, ఎన్ని ట్రాలీలు అన్న నాలుగు వివరాలు కలిపి రాసుకుంటే సరిపోతుంది. పాలెం, కంపసాగర్ పరిశోధన కేంద్రాలు ఈ ప్రాంతపు పెంటల నమూనాలను పరీక్షించి స్థానిక విలువలు ఇస్తే, నేను ఇక్కడ వాడిన పుస్తక సగటుల అవసరం కూడా తగ్గుతుంది.

చివరగా నిల్వ గురించి చెప్పాలి, దాన్ని కూడా పశువుల సంఖ్యే నిర్ణయిస్తుంది. పశువు ఏడాది పొడవునా పెంట వేస్తుంది, పంట మాత్రం దుక్కి సమయంలో, కొద్ది రోజుల్లోనే దాన్ని తీసుకుంటుంది. యాసంగి నాట్ల నుంచి వానాకాలం దుక్కి దాకా ఐదు నెలల విరామం ఉంటుంది. రెండు గేదెలకు ఆ ఐదు నెలల్లో పోగయ్యేది రెండు టన్నుల ఎరువు, పైన చెప్పిన 12 ఘనపు మీటర్ల గుంతలో సగం కూడా నిండదు. 10,000 కోళ్లకు అదే వ్యవధిలో 50 టన్నులు పోగవుతుంది. ఘనపు మీటరుకు అర టన్ను లెక్కన 100 ఘనపు మీటర్లు, నాలుగు అడుగుల ఎత్తు కుప్ప పోస్తే 80 చదరపు మీటర్లకు పైగా స్థలం. దానికి సిమెంటు నేల, పైన రేకుల కప్పు, చుట్టూ వాన నీరు లోపలికి రాకుండా గట్టు ఉండాలి, దగ్గరలో బోరు ఉండకూడదు. షెడ్డు కట్టేటప్పుడే ఈ స్థలాన్ని విడిచిపెట్టని ఫారంలో పెంటను తొలకరికి ముందే, కొనేవాడు లేని సమయంలో, అందిన ధరకు అందిన పొలానికి తోలేయాల్సి వస్తుంది. ఆ తోలకం వెళ్లేది ఎక్కువగా ఇప్పటికే భాస్వరం నిండిన పక్క తోటలకే.